మబ్బులు తిప్పే మోటారు

స్విచ్ వేయగానే మోటారు మీద గిర్రున తిరిగిన బేసిన్‌లోని నీలిరంగు నీళ్లు సగం ఎగిరి మెర్సీ చీర మీద పడ్డాయి. మిగతా సగం దశరథ్ ముఖం మీద.

“మెల్లగ తిరగాలని చెప్పిన గద!” అంది మెర్సీ.

“కూలర్ మోటర్ మేడం. దానికి మెల్లగ అంటే తెల్వదు.”

తొమ్మిదో తరగతి గదంతా గొల్లున నవ్వింది. కోపంగా చూద్దామనుకున్న మెర్సీకి, అతని మీసాల నుంచి కారుతున్న నీలం చూసి నవ్వొచ్చింది.

మెర్సీ మక్తల్‌లో ఫిజిక్స్ టీచర్. దశరథ్ బస్టాండు దగ్గర కాలిన మోటార్లకు మళ్లీ తీగ చుట్టే వైండింగ్ పని చేస్తాడు. గ్రహం తిరిగే వేగాన్ని బట్టి దాని మబ్బులెలా మారతాయో పిల్లలకు కళ్లారా చూపించాలని ఆమె పట్టు.

మర్నాడు అతను రెగ్యులేటర్ బిగించి తెచ్చాడు. ఆమె బేసిన్ మధ్యలో ఐస్ నింపిన డబ్బా పెట్టి, చుట్టూ గోరువెచ్చని నీళ్లు పోసి, అంచున నీలిరంగు వేసింది.

“ఈ డబ్బా ధ్రువం. అంచేమో ఎండ బాగ తగిలే జాగ, మన మక్తల్ లెక్క.”

మెల్లగా తిప్పితే రంగు సాఫీగా డబ్బా దాకా పాకింది. వేగం పెంచగానే చిన్న చిన్న సుడులుగా విడిపోయింది.

“చూసిన్రా? మెల్లగ తిరిగే గ్రహంల వేడి చల్లటి జాగ దాక పోతది. జోరుగ తిరిగితే నడుమనే చిక్కుకుంటది. గురుగ్రహం మస్తు జోరుగ తిరుగుతది, అందుకే దాని మబ్బులు చారలు చారలు.”

గంట కొట్టగానే పిల్లలు పరుగెత్తారు. దశరథ్ కదల్లేదు.

“మరి మా చేను మీద మబ్బెందుకు ఆగుతలేదు మేడం? అమ్మ కంది పెట్టింది. మొలకలు ఎండుతున్నయ్.”

మెర్సీ మోటారు స్విచ్ ఆపింది. “కాలాలొచ్చేది భూమి వంగి ఉన్నందుకు. ఏ కాలం ఏడ ఎంత గట్టిగ ఉంటదో, అది కొంత తిరిగే వేగం తేలుస్తది. ఈ బేసిన్ గంతవరకే చెప్తది. మీ చేను మీద వాన ఎప్పుడు పడ్తదో నాకు తెల్వదు.”

తెలియదని ఇంత సూటిగా చెప్పిన చదువుకున్న మనిషిని అతను చూడలేదు. ఆ మాటకే పడిపోయాడు.

తర్వాత ఆ మోటారు తరచూ పాడైంది. బాగున్నా పాడైందని ఫోన్ చేసేది ఆమే. బాగుందని తెలిసీ పరుగెత్తుకొచ్చేవాడు అతను.

అంతలో మెర్సీకి బెంగళూరులో గ్రహాల వాతావరణం మీద పరిశోధనకు సీటొచ్చింది. ఆ కబురు విని దశరథ్ రావడం మానేశాడు. ముసురు పట్టిన ఒక సాయంత్రం ఆమే దుకాణానికొచ్చింది.

“ఎందుకొస్తలేవు?”

“నువ్వు పోతున్నవ్ గద. ఎన్నేండ్లో ఏమో.”

“పోతున్న. ఎవ్వలాపినా పోత. అందుకని ఇప్పట్నుంచే మాట బంద్ చేస్తవా?”

“మీ బాపు కట్టంగూర్ సంబంధం మాట్లాడుతున్నడంట.”

“మాట్లాడుతున్నది బాపు. నేను గాదు. జర నన్నొక మాట అడుగొచ్చు గద!”

అడగాలనుకున్న మాట అడగకుండా, అతను తల వంచుకుని మోటారుకు తీగ చుట్టసాగాడు. ఆమె చూసి చూసి, గొడుగు తెరవకుండానే వానలో వెళ్లిపోయింది.

ఆదివారం చర్చి నుంచి నేరుగా ఆమె తండ్రి భిక్షపతి వచ్చాడు. రిటైరైన బస్సు కండక్టర్. దశరథ్ గబగబా స్టూలు తుడిచి వేశాడు.

“కట్టంగూరోల్లు పెండ్లయినంక సదువొద్దన్నరు. మాకు మీరే వద్దని చెప్పొచ్చిన,” అన్నాడు భిక్షపతి. “నా బిడ్డ నీ పేరు చెప్పింది. నువ్వేమంటవ్?”

“ఆమె సదువుకోవాలె సార్. వీలైనప్పుడల్లా నేనే పోయి చూసొస్త.”

“వేరే మతపోల్లకు ఎందుకిస్తున్నవని చర్చిల నన్ను అడుగుతరు. నేను చెప్పుకుంట. మీ అమ్మకు నువ్వు చెప్పుకోవాలె.”

“మెర్సీ దుకాణానికి వచ్చిపోయిన దినమే చెప్పిన. అమ్మ ఏడ్చింది. తెల్లారి లేచి, పిల్ల జొన్నరొట్టె తింటదా అనడిగింది.”

భిక్షపతి ముఖం మెత్తబడింది. “మరి నా బిడ్డనెప్పుడడుగుతవ్?”

“ఇప్పుడే మీ ఇంటికి పోయి అడుగుత.”

“ఇంట్ల యాడుంది? బయట ఆటోల కూసుంది.”

దశరథ్ గ్రీజు చేతులతోనే పరుగెత్తాడు.

“నన్ను పెండ్లి చేసుకుంటవా మెర్సీ?”

“సదువైనంక,” అంది ఆమె, సీట్లో పక్కకు జరిగి అతనికి చోటిస్తూ.