చావింట కాఫీ

మిలాజో రేవులో ఫెర్రీ కూత పెట్టింది. టికెట్ల వరసలో నిలబడ్డ పీనో చేతిలోంచి నారింజపండు జారి దొర్లిపోయింది. దాన్ని తీసుకోవడానికి వంగాడనుకున్నారు వెనకవాళ్ళు. అతను మళ్ళీ లేవలేదు. సైలెన్సర్ బిగించిన పిస్తోలు చప్పుడు ఎవరికీ వినిపించలేదు.

పీనో ఇటలీ గూఢచారి శాఖ మనిషి. స్ట్రోంబోలి దీవికి వెళ్ళవలసినవాడు. ఇప్పుడు అతని బదులు ఏజెంట్ నున్జియో వెళ్ళాలి.

"ఊరు జినోస్త్రా," అన్నాడు కల్నల్ ఫెర్రాంతే, రేవు వెనక అద్దెగదిలో కిటికీ తలుపులు మూసి. "అగ్నిపర్వతానికి వెనకవైపు. పడవ తప్ప దారి లేదు. గయేతానో తెలుసుగా?"

"సముద్రం అడుగున సబ్‌మెరైన్ల చప్పుడు పట్టే యంత్రం చేసినాయన."

"నిన్న పోయాడట. అంటువ్యాధి అని చెప్పి డాక్టర్ శవపేటికకి సీలు వేశాడు. రేపు ఫెర్రీలో అది నేపుల్స్ వెళ్తుంది. అక్కడొక విదేశీ ఓడ దానికోసం కాచుక్కూర్చుంది. లోపల శవం ఉందో, డిజైన్లు ఉన్నాయో, బతికున్న మనిషే ఉన్నాడో తెలీదు. పెట్టె ఆ ఓడ ఎక్కకూడదు."

"ఆయన భార్య రొజాల్బా మన ఏజెంటే కదా సార్?"

"ఆ ఓడవాళ్ళ ఏజెంటు కూడా. రెండు వైపులా జీతం. వాళ్ళకి దొంగ డిజైన్లు అమ్మమని మనమే పంపాం. ఇప్పుడు అసలువే అమ్మినట్టుంది. పీనో వస్తున్నాడని ఆమెకొక్కదానికే రేడియోలో చెప్పాం. పీనో పోయాడు. ఇంకేం కావాలి?"

"ఆమెని ఈ పనిలోకి తెచ్చింది నేను."

"అందుకే ముగించేది కూడా నువ్వే."

రొజాల్బా అంటే నున్జియోకి ప్రాణం. ఆ మాట ఆమెతో ఎప్పుడూ అనలేదు. అనేలోపే మిషన్ కోసం గయేతానోకి పరిచయం చేశాడు. ఆమె నిజంగానే గయేతానోని ప్రేమించి పెళ్ళి చేసుకుంది. చేతులారా చేసుకున్నదానికి ఎవరిని అనగలడు?

మర్నాడు పొద్దున ఫెర్రీలోంచి నల్ల అంగీ తొడుక్కున్న ఫాదర్ ఒకాయన జినోస్త్రాలో దిగాడు. చేతిలో ప్రార్థన పుస్తకం, దాని పేజీలు తొలిచి లోపల దాచిన పిస్తోలు. మెడలో సిలువ, లాగితే కత్తి. ఆ శాఖ వాళ్ళకి సిగ్గూ ఎగ్గూ ఉండవు.

జినోస్త్రాలో ఫెర్రీ ఒడ్డుదాకా రాదు. తీత్తా తెడ్ల పడవ ఎదురెళ్ళి మనుషుల్ని, మేకల్ని, గ్యాసు బండల్ని ఒకే మర్యాదతో దింపుకొస్తుంది.

"కాళ్ళు జాగ్రత్త ఫాదర్," అన్నాడు తీత్తా. "ఆ గిన్నెని మీరు తన్నారంటే నన్ను మా ఆవిడ తంతుంది."

"ఏముంది అందులో?"

"వంకాయ వేసిన మాకరోని, చావింటికి. మూడు రోజులు వాళ్ళు పొయ్యి ముట్టించకూడదు కదా! ముట్టిస్తే ఇంకో చావుని పిలిచినట్టే. ఇది కూడా తెలీదా, మీది ఏ ఊరు?"

"పక్క దీవే, సలీనా. తెలుసులే."

"అదీ సంగతి! సలీనా వాళ్ళు తెలిసినా అడుగుతారు."

నెత్తిమీద కొండ గర్జించింది. తీత్తా తల ఎత్తలేదు. "ఆయన ఇవాళ చిరాగ్గా ఉన్నాడు," అన్నాడు తెడ్డు వేస్తూ. ఆ దీవిలో కొండని పేరు పెట్టి పిలవరు, ఇంటాయన్ని అన్నట్టు 'ఆయన' అంటారు. గంటకి నాలుగుసార్లు అరిచే మొగుణ్ణి ఏ ఇల్లాలు తలెత్తి చూస్తుంది?

గయేతానో ఇల్లు మెట్లదారి పైన ఉంది. ముందు గదిలో నల్లటి పెట్టె, దాని పక్కన నల్ల గౌనులో రొజాల్బా. పెదాలకి ఎర్ర రంగు మాత్రం మానలేదు. ఎదురుగా కుర్చీలో పలెర్మో నుంచి వచ్చిన డాక్టర్ మాన్కూసో. మనిషి దొరబాబులా ఉన్నాడు, మాట అచ్చం సిసిలీ మాటే. కుడిచెయ్యి మాత్రం కోటు జేబులోంచి తీయడం లేదు.

"దేవుడి ఆజ్ఞ తల్లీ," అన్నాడు నున్జియో. తర్వాత రహస్య వాక్యం పలికాడు. "ఈ ఏడు ఊరగాయకి కేపర్ మొగ్గలు బాగా వచ్చాయా?"

ఉప్పు చాల్లేదని ఆమె జవాబు చెప్పాలి. కోడ్ అది.

"నాకు తెలీదు ఫాదర్," అంది రొజాల్బా.

కల్నల్ మాటే నిజమన్నమాట. నున్జియో వేలు ప్రార్థన పుస్తకం అట్ట కిందకి వెళ్ళింది.

"అలిసిపోయి వచ్చారు. కాఫీ పెడతాను," అంటూ ఆమె వంటగదిలోకి వెళ్ళింది. గుమ్మం పక్కన ఇరుగుపొరుగు పంపిన గిన్నెలు ముట్టుకోకుండా ఉన్నాయి. లోపల అగ్గిపుల్ల గీసిన చప్పుడు వినిపించింది, తర్వాత కాఫీ వాసన వచ్చింది.

నున్జియో వేలు ఆగిపోయింది.

రొజాల్బా పుట్టింది పక్కనున్న లిపరి దీవిలో. శవం ఉన్న ఇంట్లో పొయ్యి ముట్టించడమంటే ఆమె చెయ్యి పడిపోదూ? కోడ్ డాక్టర్‌కి తెలిసిపోయి ఉండాలి. అందుకే దాన్ని వదిలేసి, సిసిలీ వైపు పుట్టినవాడికి తప్ప తెలియని మాట ఒకటి చెబుతోంది. ఈ ఇంట్లో చావు లేదు. గయేతానో బతికే ఉన్నాడు, మత్తులో, ఆ పెట్టెలోనే.

ఆమె మూడు కప్పులు తెచ్చింది.

"డాక్టర్ గారూ, మీకు?"

"రెండు చెంచాల చక్కెర," అన్నాడు డాక్టర్. ఎడమచేత్తో అందుకుని చప్పరిస్తూ తాగాడు. "అద్భుతం!"

పలెర్మోలో పుట్టినవాడెవడూ చావింట కాచిన కాఫీ తాగడు, ఇతను అక్కడివాడు కాడు. నున్జియో తన కప్పు ఎత్తాడు. తాగకపోతే అనుమానం వస్తుంది. ఒక గుక్క తాగాడు.

"బాగుందమ్మా. మా అమ్మ పెట్టినట్టే ఉంది."

అర్థమైందని చెప్పాడు. రొజాల్బా కళ్ళు ఒక్కసారి మూసి తెరిచింది.

"డాక్టర్ గారిది పెద్ద మనసు ఫాదర్. మా రేడియో కూడా బాగుచేస్తానని ఆయనే తీసుకున్నారు. పాపం, మందు ఆ కుడి జేబులోనే ఉంటుంది. బొటనవేలు దానిమీదే. కాస్త అటూ ఇటూ అయితే ప్రాణం పోతుందట."

"గుండె జబ్బు," అని నవ్వాడు డాక్టర్.

రేడియోలో కబురు విన్నది డాక్టరేననీ, పీనో ఎలా పోయాడో నున్జియోకి తెలిసింది. ఆ జేబులో ఉన్నది రిమోట్ మీట అనీ, పేలేది పెట్టె అనీ కూడా తెలిసింది. వెంటనే కాల్చి పారేద్దామా అంటే, ఆ వేలు అదిరితే చాలు. ఓపిక పట్టడం తప్ప ఏం చేయలేడు. అంత కష్టమైన పని అతను జన్మలో చేయలేదు.

ఫెర్రీ మళ్ళీ కూత పెట్టింది. పెట్టెని తీత్తా పడవలోకి దింపారు. డాక్టర్ ఒక పక్క, రొజాల్బా, నున్జియో ఎదురుగా. ఫెర్రీ దగ్గరవుతోంది. డెక్ మీద ఇద్దరు మనుషులు తాళ్ళు పట్టుకుని సిద్ధంగా ఉన్నారు, వాళ్ళు డాక్టర్ వైపు చూసి తల ఊపారు.

అప్పుడు ఆయన గర్జించాడు.

ఈసారి కొండ కడుపులోంచి వచ్చింది గర్జన. పడవ అడుగు వణికింది. తీత్తా తెడ్డు వేస్తూనే ఉన్నాడు. రొజాల్బా చూడలేదు, నున్జియో చూడలేదు. డాక్టర్ ఒక్కడే అదిరిపడి కొండవైపు తిరిగాడు. పడిపోకుండా పడవ అంచు పట్టుకున్నాడు, రెండు చేతులతో.

రొజాల్బా అతని మీదకి దూకింది. కుడి జేబులో చెయ్యి పెట్టి రిమోట్ లాగి సముద్రంలోకి విసిరేసింది. డాక్టర్ ఎడమచేతిలోకి పిస్తోలు వచ్చింది. అది పేలింది. ప్రార్థన పుస్తకం ఒక్క క్షణం ఆలస్యంగా పేలింది. డాక్టర్ వెనక్కి ఒరిగి నీళ్ళలో పడ్డాడు. ఫెర్రీ మీది ఇద్దరూ తాళ్ళు వదిలేసి పరుగెత్తారు. ఎక్కడికి పోతారు, చుట్టూ సముద్రమే కదా.

నున్జియో సిలువ కత్తితో పెట్టె కింద అంటించిన పేలుడు ముద్దని పీకి పారేశాడు, సీలు కోశాడు, మూత ఎత్తాడు. గయేతానో పెదాలు నీలంగా ఉన్నాయి. చాలాసేపు ఏమీ జరగలేదు. తర్వాత ఒక దగ్గు.

"అమ్మో! శవం దగ్గింది ఫాదర్!" తీత్తా తెడ్డు వదిలేసి సిలువ గుర్తు వేసుకున్నాడు.

రొజాల్బా తల నున్జియో ఒడిలో ఉంది. నల్ల గౌను మీద నెత్తురు కనిపించడం లేదు, తడి మాత్రం తెలుస్తోంది.

"ఉన్నాడా?" అంది.

"ఉన్నాడు రోజా. నువ్వు కూడా ఉండాలి. నీకు చెప్పాల్సింది ఒకటుంది."

"పొయ్యి..." అంది ఆమె. "ఆర్పడం మర్చిపోయాను."

"ఆర్పేస్తాను."

ఆ తర్వాత ఆమె మాట్లాడలేదు.

నున్జియో మెట్లదారి ఎక్కి వెళ్ళి పొయ్యి ఆర్పాడు. ఇంకా వెచ్చగానే ఉంది. ఆమె తాగకుండా వదిలేసిన కప్పు కడిగి బోర్లించాడు. పక్కింటివాళ్ళు గుమ్మంలో ఇంకో గిన్నె పెట్టి వెళ్ళారు. ఈసారి అది అక్కరకి వచ్చింది.

తిరుగు ఫెర్రీలో కల్నల్ ఫెర్రాంతే ఎదురు చూస్తున్నాడు. ఆయనది తురీన్. ఉత్తరాది మనిషి.

"శభాష్! అయితే ఆమె మనవైపే ఉందన్నమాట. కోడ్ పట్టుబడింది, రేడియో పోయింది. మరి నీకెలా చెప్పింది?"

"పొయ్యి ముట్టించింది సార్."

కల్నల్‌కి ఏమీ అర్థం కాలేదు. అర్థం కానప్పుడు పెద్ద అధికారులు చేసే పనే చేశాడు, క్యాంటీన్ కుర్రాణ్ణి కేకేసి రెండు కాఫీలు తెప్పించాడు.

"తాగవయ్యా. అలిసిపోయావు."

నున్జియో కప్పుని మెల్లగా ఆయన వైపే జరిపాడు.

"మూడు రోజులు నాకు కుదరదు సార్. మా ఇంట చావు."