గాజులో చిక్కిన పిడి

శవం గాజులో ఉంది. మోకాళ్ళ దాకా.

వినుకొండ రోడ్డులో బుల్లయ్యగారి గాజు ఫ్యాక్టరీ అది. సోడా బుడ్లు, మందు సీసాలు చేస్తారు. పైన ఫర్నేస్, దాని కింద చీకటి గది. ఆ మధ్యాహ్నం కరిగిన గాజు ఆ గదిలోకి దిగింది. దిగినప్పుడు అక్కడ ఒక్కడే మనిషి. పేరు ఏసోబు.

ఎస్.ఐ. సిలార్ మెట్లు దిగేసరికి గాజు గడ్డకట్టింది. వేడి మాత్రం పోలేదు. బూటు అడుగు మెత్తబడింది. సిలార్ వెనక్కి జరిగాడు.

"ఎలా జరిగింది?"

"హత్యండి," అన్నాడు మేనేజర్ పూర్ణచంద్రరావు. "చేసినవాణ్ణి మేమే పట్టుకున్నాం. మీ స్టేషన్‌కి పంపించేశాం కూడా."

"ఎవరు?"

"తోమా. యూనియన్ వాడు."

"చచ్చిపోయినవాడికి ఏమవుతాడు?"

మేనేజర్ నేల చూశాడు. "తమ్ముడండి."

సిలార్ తల పైకెత్తాడు. ఫర్నేస్ అడుగున అరచేతి మందం రంధ్రం. చుట్టూ బోలు ఇనప కట్టు. ఆ కట్టులోకి పోయే నీళ్ళ పైపు.

"ఈ రంధ్రం ఎందుకు?"

"రిపేరొస్తే గాజంతా దించెయ్యాలి కదండీ. అందుకు."

"మరి మామూలు రోజుల్లో కారదా?"

"కారదు. ఆ కట్టులో చన్నీళ్ళు తిరుగుతుంటాయి. ఆ చల్లదనానికి రంధ్రంలో గాజు బిగుసుకుపోతుంది. ఆ గాజే దానికి బిరడా."

"నీళ్ళు ఆగితే?"

"బిరడా కరుగుతుంది. పైనున్నదంతా కిందికొస్తుంది. మళ్ళీ నీళ్ళు పడితే మళ్ళీ బిగుసుకుంటుంది. ఇవాళ కట్టుకి వేరే గొట్టం తగిలించి అట్టాగే ఆపాం."

"అయితే తోమా చేసిందేంటి?"

"నీళ్ళ పైపుకున్న కాక్ తిప్పి కట్టేశాడు. సమ్మె నోటీసిచ్చి ఉన్నాడు. ఫర్నేస్ ఖాళీ అయితే మేం దారికొస్తామని. అన్న కింద ఉంటాడని చూసుకోలేదు."

చక్కగా ఉంది కథ. మరీ చక్కగా ఉంది.

*

లాకప్‌లో తోమా గోడకి తల ఆనించి కూర్చున్నాడు. చెంప వాచి ఉంది. పట్టుకున్నవాళ్ళు పట్టుకుని ఊరుకోలేదు.

"కిందికి ఎందుకెళ్ళావు?"

"అన్నకి కారేజీ ఇవ్వటానికి."

"కాక్ ముట్టుకున్నావా?"

"లేదు. అన్నే అన్నాడు, ఒరేయ్, నీళ్ళు రావట్లేదు, కట్టు కాలిపోతోంది, పైన చెప్పు అని. పోయి చెప్పా."

"ఎవరికి?"

"మేనేజర్‌కి. కరెంటు పోయింది, మోటారు లేదు, టాంకు నిండా నీళ్ళున్నాయి, నీ పని నువ్వు చూసుకో అన్నాడు. నేను మళ్ళీ కిందికి పోయేసరికి అన్న అరుపు వినపడింది సార్. నేను అన్నని చంపుకుంటానా?"

స్టేషన్ బయట ఏసోబు భార్య సంతోషకుమారి నిలబడి ఉంది. ఏడవటం లేదు.

"మా ఆయన్ని సుత్తులతో కొట్టి బయటికి తీశారు సార్. పాస్టరుగారు గుడి దగ్గర కాసుకుని ఉన్నారు. పాతిపెట్టాలి. మట్టి వెయ్యటానికి తోడబుట్టినోడు రావొద్దా?"

"ఇవాళ కుదరదమ్మా."

"రేపు?"

"వాడు చెయ్యలేదని తేలితే."

"వాడు చెయ్యలేదు. నాకు తేలింది. మీకెప్పుడు తేలుద్ది?"



*

మర్నాడు పొద్దున మళ్ళీ కింది గదికి వెళ్ళాడు. ఏసోబు కాళ్ళున్న చోట గుంట. పక్కన గాజు గడ్డ అట్టాగే ఉంది. అందులో పైపు, పైపుకున్న కాక్. టార్చి వేశాడు. గాజు పచ్చగా వెలిగింది. లోపల కాక్ పిడి స్పష్టంగా కనపడింది.

చాలాసేపు చూశాడు. గడ్డని వేళ్ళతో తడిమాడు. నున్నగా ఉంది. ఒకే ముక్క.

పైపు వెంట బయటికి నడిచాడు. ఫర్నేస్ షెడ్డు దాటింది పైపు. టాంకు దగ్గర ఇంకో పైపు చీలి గోడవతలికి పోయింది. గోడ అవతల మిరపకాయల కళ్ళం. ఆ కళ్ళమూ బుల్లయ్యగారిదే.

నాలుగడుగులు వేశాడో లేదో తుమ్ములు పట్టుకున్నాయి. ఎర్రటి కాయల మధ్య కూర్చున్న కళ్ళం కూలి అంకమ్మ నవ్వింది.

"పోలీసోళ్ళకి కూడా ఘాటెక్కుద్దా అయ్యా?"

"అందరికీ ఎక్కుద్ది. నిన్న వానపడిందా ఇక్కడ?"

"ఏప్రిల్ నెల్లో వానేందయ్యా?"

"మరి కుప్ప అడుగున కాయలు మెత్తగా ఉన్నాయే?"

"తడిపాం గదా. ఎండినకాయ పెళపెళలాడుద్ది. తడపకుండా మూటలో వేసి తొక్కితే పొడే మిగులుద్ది. గుంటూరు లారీ వస్తందని మధ్యాహ్నం రబ్బరుగొట్టం పెట్టాం."

"కరెంటు లేదుగా?"

"టాంకులో ఉన్నయ్‌గా. మొత్తం అయిపోయినయ్. అయ్యగారే దగ్గరుండి పెట్టించారు."

సిలార్ గొట్టం మూతి తడిమాడు. మిరపగింజలు అంటుకున్నాయి. స్టేషన్‌కి పోయి గుంటూరుకి ఫోన్ చేశాడు. ఫొటోగ్రాఫర్ కావాలి. అతను రేపొస్తానన్నాడు.

రేపటిదాకా సిలార్ ఆగలేదు. ఆగి ఉండాల్సింది.

*

సాయంత్రం అందర్నీ కింది గదికి పిలిపించాడు. బుల్లయ్య, మేనేజర్, అంకమ్మ. సంకెళ్ళతో తోమా. పంచనామా రాయించాడు. సాక్షులుగా చదువొచ్చినవాళ్ళు కావాలంటే ఫ్యాక్టరీ గుమాస్తాలిద్దరు సంతకాలు పెట్టారు.

"ఈ పిడి చూడండి," అన్నాడు సిలార్. "అడ్డంగా ఉంటే కాక్ కట్టేసినట్టు. పైపు వెంట ఉంటే తెరిచినట్టు. ఇది పైపు వెంట ఉంది. గాజు దాన్ని అట్టాగే పట్టేసింది."

"ఏసోబు చివర్లో తెరిచి ఉంటాడండి," అన్నాడు మేనేజర్.

"తెరిస్తే నీళ్ళు రావాలి. గాజు వేడికి కట్టు కింద పైపు ఊడిపోయి ఉంది చూశారా? నీళ్ళుంటే ఇక్కడే పడతాయి. వేడిగాజు మీద నీళ్ళు పడితే ఏమవుతుంది?"

తోమా చెప్పాడు. "నూకలవుద్ది."

"ఇది ఒకే గడ్డ. అంటే కాక్ తెరిచే ఉంది, పైపు ఎండిపోయి ఉంది. ఇక్కడెవడూ నీళ్ళు ఆపలేదు. పైన టాంకు ఖాళీ చేశారు. మిరపకాయల మీద పోశారు. తోమా వచ్చి చెప్పినా మీరు వినలేదు."

బుల్లయ్య తొణకలేదు. కండువాతో మెడ తుడుచుకున్నాడు.

"కాయ తడపటం నేరమా అయ్యా? జిల్లా అంతా తడుపుద్ది."

"నీళ్ళు ఎక్కడివో తెలిసి తడిపారు."

"దానికి సాక్ష్యం?"

"ఈ గడ్డ. రేపు ఫొటో తీస్తారు. తర్వాత కోసి కోర్టుకి తీసుకెళ్తాను."

తోమా మొదటిసారి తల పైకెత్తాడు. బుల్లయ్య కూడా గడ్డని మొదటిసారి పరకాయించి చూశాడు.

గది తలుపుకి సిలార్ తాళం వేశాడు. సీలు వేశాడు. ఒక కానిస్టేబుల్‌ని కాపలా పెట్టాడు.

*

పొద్దున ఫొటోగ్రాఫర్‌తో వచ్చేసరికి సీలు లేదు. కానిస్టేబుల్‌ని డీఎస్పీ ఆఫీసు నుంచి ఫోన్ చేసి పిలిపించుకున్నారు. కింది గది ఊడ్చి ఉంది. కొత్త పైపు, కొత్త కాక్.

పైకి పరుగెత్తాడు. ఇద్దరు కూలీలు పచ్చటి గాజుముక్కలు పారలతో ఫర్నేస్ నోట్లో వేస్తున్నారు.

"ఏంట్రా అది?"

"పగిలిన గాజు సార్. ఎప్పుడూ వేసేదే. పాత గాజు కలిస్తేనే కొత్తది తొందరగా కరుగుద్ది."

ఆఖరి పార కూడా లోపలికి పోయింది. సిలార్ చెయ్యి పెట్టి ఆపలేకపోయాడు. అది ఫర్నేస్.

వెనక బుల్లయ్య గొంతు. కోపం లేదు, వెటకారం లేదు.

"ఆ గడ్డే సాక్ష్యమని నువ్వే చెప్పావుగదయ్యా. చెప్పకపోతే మాకెట్టా తెలుసుద్ది?"

గుమాస్తాలిద్దరూ అవి తమ సంతకాలే కావన్నారు. కళ్ళం ఖాళీ. కాయలు గుంటూరు యార్డుకి పోయాయి. అంకమ్మ గుడిసె ముందు తల దించుకుని కూర్చుంది.

"నేనేం తడపలేదయ్యా," అంది. "నాకు ముగ్గురు పిల్లలు."

డీఎస్పీ సిలార్‌ని వేరే స్టేషన్‌కి మార్చాడు. తోమా మీద చార్జిషీటు ఇంకొకడు రాశాడు.

*

కోర్టు రోజు సిలార్ మామూలు బట్టల్లో వచ్చాడు. ఎవరూ రమ్మనలేదు. తోమాని వ్యాన్ ఎక్కించారు. అన్న సమాధి వాడింకా చూడలేదు.

సంతోషకుమారి మెట్ల దగ్గర ఎదురొచ్చింది.

"ఆ గాజు గడ్డ జడ్జిగారికి చూపిస్తానన్నారంట. తోమా చెప్పాడు. ఏది సార్?"

రోడ్డవతల సోడాబండి. బుల్లయ్యగారి లారీ మీంచి కొత్త బుడ్లు దించుతున్నారు. పచ్చగా, నున్నగా, ఎండకి మెరుస్తున్నాయి. ఎవడో అప్పుడే ఒక సోడా కొట్టించుకుని గటగటా తాగుతున్నాడు.

సిలార్ చెయ్యెత్తి చూపించాడు.

"అదుగోనమ్మా."