కాల్షియానికీ సోడాకీ మధ్య పావుగంట

"ముందు ఆ చెయ్యి బయటికి తియ్యండి!"

తలుపు తీసి ఉందని లోపలికి వచ్చేసిన కొత్త మనిషి ఇలా హుకుం జారీ చేస్తే ఎవరికి ఒళ్ళు మండదు? ఆమె చెయ్యి తియ్యలేదు సరికదా, రెండో చెయ్యి కూడా నీళ్ళలో పెట్టింది.

"నా ట్యాంకు, నా చెయ్యి. మీరెవరు?"

"పై అంతస్తులో ఉంటాను. 'అయ్యో, చచ్చిపోతున్నాయి' అని కేకలు వినిపిస్తే మనుషులేమో అనుకుని పరుగెత్తుకొచ్చాను."

"నా కోరల్స్ మనుషులకంటే తీసిపోయాయా?"

అతను ఆ అద్దాల ట్యాంకు దగ్గరికి వెళ్ళి, కళ్ళజోడు సర్దుకుని చూశాడు. ఉప్పునీళ్ళ నిండా తెల్లటి పొడి సుడులు తిరుగుతోంది. ఆమె ప్రాణంగా పెంచుకుంటున్న పగడాలు ఆ తెలుపు వెనక ఎక్కడో మసగ్గా ఉన్నాయి.

"కాల్షియం, సోడా రెండూ ఒకేసారి పోశారా?"

"ఒక చేత్తో అది, ఒక చేత్తో ఇది. డ్యూటీకి లేటవుతోంది మరి!"

"ఒళ్ళు కట్టుకోడానికి వాటికి ఆ రెండూ కావాలి, నిజమే. కానీ చిక్కటి మందులు రెండూ అలా ఎదురెదురు పడితే అక్కడికక్కడే సుద్దయిపోతాయి. కోరల్స్ నోటికి ఏమీ దక్కదు. ఒకటి పోశాక పావుగంటైనా ఆగాలి."

"తెలుసు. సీసా మీద రాసుంది."

"తెలిసి కూడానా?"

"దానికి ఆగడమే తెలీదు బాబూ," వంటింట్లోంచి వదిన గొంతు వినిపించింది. "పుట్టడమే నెల ముందు పుట్టిందట!"

అతను నవ్వాపుకుంటూ సోడా సీసా చంకలో పెట్టుకున్నాడు.

"ఇది నా దగ్గరుంటుంది. ఇకనుంచి రోజూ సాయంత్రం, డ్యూటీ నుంచి వచ్చాక కాల్షియం పొయ్యండి, ఆ వేళకి తెస్తాను. పావుగంట అయ్యాక నేనే పోసి వెళ్తాను."

"పట్టపగలు దొంగతనమా?"

"కాదండీ, జప్తు!"

అలా మొదలైంది. ఆమె ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టు. వంగనని మొరాయించే మోకాళ్ళను బతిమాలో బెదిరించో వంచడం ఆమె ఉద్యోగం. అతను కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీస్తాడు. పైన అతని గదిలోనూ ఒక బుల్లి పగడాల ట్యాంకు ఉంది.

ఆ పావుగంటలో నీళ్ళు పరీక్షించేవాళ్ళు. చిన్న గొట్టంలో ట్యాంకు నీళ్ళు తీసి, నీలం రంగు పసుపుగా మారేదాకా మందు చుక్కలు వెయ్యాలి. ఎన్ని చుక్కలు పడితే నీళ్ళలో అంత ఆల్కలినిటీ, అంటే క్షారం, ఉన్నట్టు. దాన్నిబట్టే ఎంత సోడా పొయ్యాలో తేలుతుంది.

"పసుపొచ్చేసింది, ఆపండి!"

"ఇంకా ఆకుపచ్చే."

"కళ్ళజోళ్ళు చేసే మనిషికి పసుపు రంగు కనపడదా?"

"కనపడుతుందండీ. మీరు పక్కన నిలబడితేనే కాస్త తడబడుతుంది."

ఆమె ఠక్కున కిటికీ వైపు తిరిగింది. చెవులు ఎర్రబడితే నీళ్ళ పరీక్షలో తేలదు కదా అని ధైర్యం.

పగడాల కొసలకు లేత ఊదారంగు వచ్చింది. వాటికంటే ముందు వదినకు అనుమానం వచ్చింది. ఏమీ ఎరగనట్టు రోజూ రెండు కప్పులు టీ పెట్టి, తను మాత్రం వంటింట్లోనే ఉండిపోయేది.

ఒక సాయంత్రం కుండపోత వాన. కరెంటు పోయింది. ట్యాంకులో అలలు లేపే మోటారు ఆగిపోయింది. నీళ్ళు కదలకపోతే పగడాలకు ఊపిరాడదని ఇద్దరూ చెరో మగ్గు పట్టుకుని నీళ్ళు ముంచుతూ పోస్తూ కూర్చున్నారు. మగ్గులు ఒకదానికొకటి తగిలాయి. తర్వాత వేళ్ళు తగిలాయి. మగ్గులు చప్పున వెనక్కి వెళ్ళాయి, వేళ్ళు వెళ్ళలేదు. సోడా సంగతి ఆ రోజు ఎవరికీ గుర్తు రాలేదు.

గుమ్మంలో టార్చిలైటు వెలిగింది. అన్నయ్య! లిఫ్టు మెకానిక్కు. తడిసి ముద్దయి వచ్చాడు. ఇద్దరినీ చూశాడు, ఏమీ అనలేదు. అన్నయ్య ఏమీ అనలేదంటే ఏదో చెయ్యబోతున్నాడని ఇంట్లో అందరికీ తెలుసు.

మర్నాడు ఆమె వచ్చేసరికి ట్యాంకు పక్కన గోడకు ఒక యంత్రం బిగించి ఉంది.

"డోసింగ్ పంపు! ఒక గొట్టం కాల్షియం పోస్తుంది. గంటాగి రెండోది సోడా పోస్తుంది. మనిషితో పనే లేదు," అన్నాడు అన్నయ్య చేతులు తుడుచుకుంటూ.

"సోడా సీసా ఎలా వచ్చింది?"

"పైనాయన్ని అడిగాను. ఇచ్చేశాడు."

"ఏమీ అనలేదా?"

"'మంచి పంపండీ' అన్నాడు."

ఆమె చెప్పులైనా వేసుకోకుండా మెట్లెక్కింది. అతను తలుపు తీశాడు.

"మంచి పంపా?"

"మంచిదే కదండీ. మనకంటే కచ్చితంగా పోస్తుంది."

"రేపట్నుంచి రారా?"

"ఇల్లు మీ అన్నయ్యది. ఆయన వద్దన్నాక..."

"ఆయన సీసా అడిగితే ఇచ్చేశారు. రేపు నన్ను ఇంకెవరికో ఇచ్చి చేస్తానంటే 'మంచి సంబంధమండీ' అంటారా?"

అతని మొహం తెల్లబోయింది. "అనను."

"మరేమంటారు?"

"నేనున్నానంటాను."

"అయితే అనండి. వెనకే వస్తున్నాడు."

ఊళ్ళో లిఫ్టులన్నీ నడిపించే అన్నయ్య, లిఫ్టు లేని ఆ మేడమెట్లు రొప్పుతూ ఎక్కాడు. అతను గుమ్మంలోంచి వెనక్కి జరగలేదు.

"సీసా ఇవ్వడం నా పొరపాటండీ. మీరు ఒప్పుకుంటే మీ చెల్లెల్ని పెళ్ళి చేసుకుంటాను."

"ఒప్పుకోకపోతే?"

"ఒప్పుకునేదాకా రోజూ వచ్చి అడుగుతాను."

అన్నయ్య చెల్లెలి వైపు తిరిగాడు. "ఏమ్మా, అన్నతో చెప్పుకునే పద్ధతి ఇదేనా?"

"నాతో చెప్పకుండా నా ట్యాంకుకి పంపు పెట్టడం ఏ పద్ధతి అన్నయ్యా? కచ్చితంగా పోసేది నాకక్కర్లేదు. పోస్తూ నాతో పోట్లాడేవాడు కావాలి. నువ్వు కోప్పడు, మాట్లాడటం మానెయ్యి. నేను మాత్రం మాట మార్చను."

మెట్ల మీద ఇంకో అలికిడయింది. వదిన. ఆవిడ చేతుల్లో పంపు, వేలాడుతున్న గొట్టాలు.

"ఊడదీసేశాను. కాల్షియం కాస్త నేల మీద ఒలికింది, ఏమనుకోకండి."

"నువ్వు కూడానా!" అన్నయ్య నెత్తి పట్టుకున్నాడు. చెల్లెల్ని చూశాడు. ఆమె చెయ్యి ఎప్పుడు పట్టుకున్నాడో, ఇంకా వదలని ఆ మనిషిని చూశాడు. వాళ్ళ వెనక, గది మూల మిణుకుమంటున్న బుల్లి ట్యాంకును చూశాడు.

"దీనికి ఎవరు పోస్తారు?"

"నేనేనండీ, చేత్తోనే. అది చూసుకుని కిందికి వచ్చేసరికి ఒక్కోరోజు ఆలస్యమవుతుంది."

"మా చెల్లెలు ఎదురుచూస్తూ కూర్చుంటుందన్నమాట."

అన్నయ్య వదిన చేతుల్లోంచి పంపు అందుకున్నాడు. చెప్పులు గుమ్మం బయట విడిచి, జేబులోంచి స్క్రూడ్రైవరు తీసి, ఆ గదిలోకి అడుగు పెట్టాడు.

"ప్లగ్గు ఎక్కడుందండీ, బావగారూ?"