పన్నెండు, అయిదు, ఆరు

అక్షరాల్లో తప్పులుంటే మన్నించండి. యాభై దాటాక పలక పట్టినదాన్ని. ఈ కాస్త రాయడానికి నాలుగు రోజులు పట్టింది.

మా షాపులో ఎండ తెరలు కుట్టే అమ్మాయిని బుజ్జి అనేవాళ్ళం. మూడు స్తంభాలకు కట్టే మూడు మూలల తెరలు అవి. స్తంభాలు పాతే కుర్రాడు టేపు ఒక చివర ఆమె చేతికిచ్చి, రెండోది తను పట్టుకుని, గుడ్డ పరిచి మూలలు కొలిచేవాడు. టేపు చుట్టుకుంటూ అతను దగ్గరికొచ్చే ఆ నాలుగడుగుల కోసం బుజ్జి వారమంతా ఎదురుచూసేది.

నెల నుంచి అతను రావడం మానేశాడు. కొలతలు కోణాలతో సహా ఫోన్‌లోనే వస్తున్నాయి. ఇదేంటని బుజ్జి ఫోన్ చేసి అడిగితే చెప్పాడు.

"కంప్యూటర్ సెంటర్ మేడమ్ నేర్పించారు. మూడు భుజాలు కొడితే త్రిభుజం అదే గీసి కోణాలు చెప్పేస్తుంది. మేడమ్‌ది బుర్రంటే బుర్ర."

"అయితే ఆ బుర్రతోనే కుట్టించుకో."

"కోపమా?"

"నాకెందుకు కోపం? సూది గుచ్చుకుంది."

సూది డబ్బాలోనే ఉంది. ఆ తర్వాత ఆమె అతనికి ఫోన్ చేయలేదు.

సోమవారం కొత్త కొలతలు వచ్చాయి. పన్నెండడుగులు, అయిదు, ఆరు. కోణాలు లేవు. మేడమ్‌తో కబుర్లలో పడి మరిచిపోయాడన్నమాట. బుజ్జికి ఒళ్ళు మండి నేరుగా సెంటర్‌కి వెళ్ళింది. మేడమ్ అందంగా కూడా ఉంది.

"ఇది గీసి చూపించండి."

చీటీ చూసి మేడమ్ నవ్వు ఆపుకుంది. స్క్రీన్ మీద పన్నెండడుగుల గీత పడింది. ఒక చివర నుంచి అయిదు, రెండో చివర నుంచి ఆరు లేచాయి. మౌస్‌తో ఎటు తిప్పినా ఆ రెండూ ఒకదాన్నొకటి అందుకోలేదు.

"రెండూ కలిపినా పదకొండే కదమ్మా. పన్నెండు దాటితేనే త్రిభుజం."

"తప్పు కొలిచాడా?"

"కొలవనే లేదు. ఎలాంటి కొలతలిస్తే త్రిభుజం రాదో నిన్న ఇక్కడే కూర్చుని గంటసేపు వెతికాడు. ఎందుకయ్యా అంటే, 'సరిగ్గా పంపితే తను పిలవట్లేదండీ, తప్పు పంపితే తిట్టడానికైనా పిలుస్తుంది' అన్నాడు."

అతను స్తంభాలు పాతుతున్న చోటికి బుజ్జి వెళ్ళేసరికి చినుకులు మొదలయ్యాయి. అతను మూడో స్తంభం పక్కనే ఉన్నాడు.

"పన్నెండా?"

"అయిదూ ఆరూ కూడా," అన్నాడు తల దించుకుని.

ఆమె టేపు తీసి చివర అతని చేతిలో పెట్టి, తొలి స్తంభం దాకా నడిచింది.

"ఇంకోసారి ఫోన్‌లో కొలతలు పంపావో, చూడు."

"అడగాల్సిందొకటుంది. అదీ ఫోన్‌లో వద్దా?"

"దగ్గరికొచ్చి అడుగు."

ఆమె టేపు చుట్టడం మొదలుపెట్టింది. అతను చివర వదల్లేదు.

ఇట్లు,
తెరల షాపు పెద్దమ్మ, అరవై తొమ్మిదేళ్ళు. ఇప్పుడు వాళ్ళిద్దరి ఇంట్లో, మేడగదిలో ఉంటున్నాను.