రెండో కంపెనీ డబ్బాలు

పొద్దున్నే గున్నమ్మ చోడి అంబలి గిన్నె మొగుడి ముందు పెట్టి, "ఎక్కేముందు పిల్లకో ఫోన్ కొట్టు," అంది. సోములు వినిపించుకోనట్టే బ్రష్షుకి అంటుకుని ఎండిపోయిన రంగును గోటితో గీరుతున్నాడు.

"ముప్పయ్యేళ్ళ నుంచి గోడలెక్కుతన్నాను. ఇప్పుడు కూతురు ఎక్కమంటే ఎక్కాల, దిగమంటే దిగాల. బాగుందే నా బతుకు!"

"అదేటి సరదాకి సెప్తాదా? దాని ఉద్యోగం అది."

ఆ ఉద్యోగమే సోములుకి మింగుడు పడలేదు. ఝాన్సీ రాజాంలో డిప్లొమా చదివింది. ఏ బ్యాంకులోనో ఫ్యాను కింద కూర్చుంటుందనుకుంటే, సెల్ టవర్లు చూసే కాంట్రాక్టరు దగ్గర చేరింది. నెత్తిన హెల్మెట్టు, ఛాతీకి తగిలించుకున్న, టవరు తరంగాలు తగిలితే మోగే చిన్న మీటరు. యాంటెన్నాల దగ్గర ఎవరు పనిచేసినా వాళ్ళు క్షేమంగా కిందికి దిగేదాకా పూచీ ఆమెది. చేరి నాలుగు నెలలైంది. ఆరు నెలలు మచ్చ లేకుండా గడిస్తేనే ఉద్యోగం ఖాయం.

రథసప్తమి వారం రోజుల్లోకి వచ్చింది. అరసవల్లిలో నారాయణమూర్తి గారి లాడ్జికి రంగులు సోములే వేస్తున్నాడు. అంతస్తులన్నీ అయిపోయి మేడ మీద నీళ్ళ ట్యాంకు గది మిగిలింది. ఆ గది గోడకే మనిషెత్తు తెల్లడబ్బాల్లాంటి యాంటెన్నాలు బిగించి ఉన్నాయి. ఆ గోడకి రంగు వెయ్యాలంటే పరంజా మీద వాటికి ఎదురుగా నిలబడాలి. "పదింటికి వాటిని ఆపిస్తాను. నేనొచ్చి సూసేదాకా ఎవరూ ఎక్కొద్దు," అని ఝాన్సీ ముందురోజే చెప్పింది.

పదయింది. సోములు జేబులోంచి ఫోన్ తీశాడు. ఆ మేడ మీద ఎప్పుడూ నిండుగా ఉండే సిగ్నల్ గీతలు ఒక్కటీ లేవు.

"ఒరే లక్ష్ముడూ, ఆపేసారు. ఎక్కు."

లక్ష్ముడు గున్నమ్మ తమ్ముడు, పదేళ్ళుగా బావతోనే పని. "కోడలు పిల్ల రానేదు కదా బావా? తిడతాదేమో."

"నీ కోడలొచ్చి ఊదితే ఆరుతాదేటి? ఇదిగో, సిగ్నల్ సచ్చింది. అదొచ్చేసరికి ఒక కోటు అయిపోవాల."

లక్ష్ముడు ఎక్కాడు. డబ్బాకి జానెడు దూరంలో మొహం పెట్టి రోలరు లాగసాగాడు. కాసేపటికి సోములూ ఎక్కి పక్కన నిలబడ్డాడు.

పావుగంటకి ఝాన్సీ మేడ మీదకొచ్చింది. రెండడుగులు వేసిందో లేదో, ఛాతీ మీద మీటరు కీచుమని మోగడం మొదలెట్టింది.

"మావయ్యా, దిగు! నాన్నా, ముందు దిగు!"

"అరవకే. ఆపేసారు కదా!"

"ఆపింది నీ ఫోన్ కంపెనీ వోళ్ళు. ఇక్కడున్నవి రెండు కంపెనీలవి నాన్నా! రెండో కంపెనీ డబ్బాలు ఇంకా నడుస్తన్నాయి!"

ఇద్దరూ దిగారు. ఝాన్సీ మెట్లకి అడ్డంగా పసుప్పచ్చ తాడు కట్టి ఆ పూటకి పని లేదంది. నారాయణమూర్తి గారు కింద నిలబడి నవ్వారు. "ఏం సోములూ, నీ కూతురే నిన్ను దింపేసిందే!" లాడ్జి కుర్రాళ్ళు కూడా నవ్వారు.

మధ్యాహ్నం ఝాన్సీ ఇంటి అరుగు మీద కూర్చుని కాగితం రాస్తుంటే సోములు ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

"పదిమంది ముందర దొంగని దించినట్టు దించేసావు."

"దొంగైతే పారిపోతాడు. నువ్వు ఇంకా అక్కడే నిలబడి నాతో దెబ్బలాడేవు."

"ఇంతకీ ఏటయింది? కాలిందా? కరెంటు కొట్టిందా?"

"కొట్టదు నాన్నా. కరెంటైతే తోసేస్తాది, ఇది తెలీనివ్వదు. దగ్గర్లో ఎదురుగా నిలబడితే ఒంటి లోపల వేడెక్కుతాది. కంట్లో పుట్టిన వేడి తొందరగా పోదు. నువ్వు ఎండనుకుంటావు. పావుగంటకి ఏటీ కాకపోవచ్చు. డాక్టరుకి సూపించేను, మావయ్య బాగానే ఉన్నాడు. నేనొచ్చేసరికి సాయంత్రమైపోతే?"

"రెండు కంపెనీలని నాకెవులు సెప్పేరు?"

ఝాన్సీ కలం ఆగింది. "ఎవులూ సెప్పలేదు. ఎక్కొద్దంటే ఎక్కవనుకున్నాను. అదే రాస్తన్నాను, తప్పు నాదని. సాయంత్రానికి ఆఫీసుకి పంపాల."

"పంపితే?" అంది గున్నమ్మ గుమ్మంలోంచి.

"రేపట్నుంచి రావొద్దంటారు."

"మీ నాన్న పేరు రాయవే, ఎక్కింది ఆయన కదా!"

"రాస్తే టవరున్న ఏ మేడ మీదా నాన్నకి పనియ్యరు. ఊళ్ళో మేడలన్నిటి మీదా అవే కదమ్మా."

అంతలో లక్ష్ముడు వచ్చి చెంబుతో నీళ్ళు తాగి అరుగు చివర కూలబడ్డాడు. అతన్ని చూడగానే సోములుకి ఎందుకో కోపమొచ్చింది.

"నీకేటి బుద్ధి? అది రాకుండా ఎక్కకూడదని తెలుసు కదా. ఎందుకెక్కేవు?"

"నువ్వు సెప్పేవు కదా బావా," అన్నాడు లక్ష్ముడు. నిష్ఠూరం లేదు, ఎత్తిపొడుపు లేదు. ఎండ కాస్తోందన్నట్టు చెప్పాడు.

సోములు అక్కడే కూర్చుండిపోయాడు. ముప్పయ్యేళ్ళలో ఎన్ని పరంజాలు కట్టాడో లెక్కలేదు. కట్టిన ప్రతిసారీ ముందు తానెక్కి, ఆ చివరి నుంచి ఈ చివరికి తొక్కి చూసి, ఆ తర్వాతే ఇంకొకణ్ణి ఎక్కనిచ్చేవాడు. ఈ రోజు కూతురి మీద పంతానికి లక్ష్ముణ్ణి ముందు పంపాడు. కూతురు చేసే పనీ అదే. వేరొకరు అడుగుపెట్టే ముందు తాను చూసుకోవడం. నాలుగు నెలలుగా ఇంట్లో ఆ పనినే తను వెక్కిరించాడు.

"కొట్టేయ్ అది," అన్నాడు. "నేను సెప్తాను, రాయి."

"నాన్నా..."

"రాయే. మా అమ్మాయి ఎక్కొద్దని ముందే సెప్పింది. ఫోన్లో సిగ్నల్ పోయిందని నేనే ఎక్కించేను. నా బామ్మర్దిని ముందు పెట్టేను. ఇంకెవుల డబ్బాలైనా ఉన్నాయా అని అడగలేదు."

"రెండు కంపెనీలున్నాయని సెప్పకపోడం నా తప్పు. అదీ రాయాల."

"రాసుకో. ముందు నాది రాయి."

"నీకు పనియ్యరు నాన్నా."

"మేడలు కాకపోతే కింద గోడలుంటాయి." కాగితం లాక్కుని, మూడో తరగతిలో నేర్చుకున్న అక్షరాలతో మెల్లగా, గట్టిగా అదిమి సంతకం పెట్టాడు. తలెత్తేసరికి ఝాన్సీ కళ్ళు నిండిపోయి ఉన్నాయి. హెల్మెట్టు పట్టీ ఒరుసుకుని ఆమె గడ్డం కింద చర్మం కందిపోయింది. నాలుగు నెలల్లో ఆ కందిన చోటును సోములు చూడడం ఇదే మొదలు.

"దింపేసావని సిగ్గుపడ్డానే," అన్నాడు. "నువ్వు రాకపోతే వీణ్ణి సాయంత్రం దాకా అక్కడే నిలబెడుదును."

ఝాన్సీ ఆయన చేతిని రెండు చేతులతో పట్టుకుంది. ఇన్నాళ్ళూ దాచుకున్న ఏడుపు అప్పుడు బయటికొచ్చింది, ఇద్దరికీ.