ఉపదేశి గారి దానం

క్రిస్మస్‌కి ముందు ఆగమన కాలం వచ్చిందంటే, గుళ్ళో మతపాఠాలు చెప్పే ఉపదేశి గారి ఇంట్లో పొద్దుటి టీ చల్లారిపోవాల్సిందే. ఆ రోజు పునీతుడి కథ ఆయన చెప్పి ముగించేదాకా ఎవరూ కప్పు ముట్టుకోకూడదు. బయట తెరిపి లేని ముసురు. వంటింటి కిటికీ అద్దం నిండా ఆవిరి పట్టింది. ఆ పూట పునీత నికోలాసు వంతు.

"ముగ్గురు ఆడపిల్లల తండ్రి గతిలేక ఏడుస్తుంటే, చీకట్లో వచ్చి కిటికీలోంచి బంగారం మూట పడేసి వెళ్ళిపోయాడు. ఎవరిచ్చారో కూడా తెలియనివ్వలేదు. దానమంటే అదీ!" అన్నారు ఆయన.

"మరే. ఈ టీ ఎవరు పెట్టారో కూడా మీకు తెలియదుగా. కానివ్వండి, తాగండి," అంది భార్య.

ఆయన హాయిగా నవ్వేశారు. ఎవరికి ఏ కష్టమొచ్చినా 'మా ఇంటికి పంపండి' అనేసే మనిషి. వండి పెట్టేది భార్య, పక్కలు వేసేది పెద్దమ్మాయి, పేరు మాత్రం ఆయనది. ఆ సంగతి ఆయనకెప్పుడూ తట్టలేదంటే నమ్మండి, అంత అమాయకమైన మంచితనం.

పెద్దమ్మాయి కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసే పని చేస్తుంది. తండ్రి ఆమెకు పెట్టిన ముద్దుపేరు యోసేపమ్మ. సువార్తల్లో యేసుని పెంచిన పునీత యోసేపు ఒక్క మాటైనా మాట్లాడినట్టు లేదు, మా అమ్మాయీ అంతే అని అందరికీ గొప్పగా చెప్పుకునేవారు.

"అన్నట్టు, మన గుళ్ళో గంట కొట్టే తాత పక్షవాతంతో మంచాన పడ్డాడు. నా అన్నవాళ్ళు లేరు పాపం. మా యోసేపమ్మ చూసుకుంటుందని ఫాదర్ గారికి మాటిచ్చేశాను. నాయనమ్మకి మూడేళ్ళు సేవ చేసిన చెయ్యి కదా! రేపట్నుంచి వెళ్ళమ్మా."

ఆమె తలొంచుకుని కూర్చుంది. ఆయన దాన్ని సరే అనుకున్నారు. ఎప్పుడూ అలాగే అనుకునేవారు.

"నేను వెళ్ళను నాన్నా."

ఉపదేశి గారు తన చెవుల్ని తనే నమ్మలేకపోయారు.

"పక్క ఊళ్ళో మా దుకాణం వాళ్ళు ఇంకోటి తెరుస్తున్నారు. నన్ను చూసుకోమన్నారు. సరేనన్నాను. ఆదివారం వెళ్ళిపోతున్నా."

"సరేనన్నావా? నన్నొక మాటైనా అడక్కుండా?"

"ఫాదర్ గారికి మాటిచ్చేముందు మీరు నన్నడిగారా?"

"మంచాన పడ్డ మనిషే అమ్మా! దేవదూత చెప్పగానే యోసేపు మారు మాట్లాడకుండా..."

"మారు మాట్లాడకుండా, ఆ రాత్రే లేచి తల్లినీ బిడ్డనీ తీసుకుని ఊరు విడిచి వెళ్ళాడు. ఆయన విన్నది దేవుడి మాట నాన్నా, ఇంట్లోవాళ్ళ మాట కాదు." ఆమె లేచి నిలబడింది. "నికోలాసు తన బంగారం ఇచ్చాడు. మీరేమో అమ్మని ఇస్తారు, నన్ను ఇస్తారు. మీది మీరేమిచ్చారు?"

"నోర్ముయ్!"

ఆ అరుపుకి ఆయనే ఉలిక్కిపడ్డారు. పెద్దమ్మాయి గొడుగైనా తీసుకోకుండా వానలోకి వెళ్ళిపోయింది. భార్య కప్పులు తీస్తూ, "అది అబద్ధమైతే చెప్పలేదండీ," అంది.

ఇచ్చిన మాట వెనక్కి తీసుకోవడానికి ముఖం చెల్లక, ఉపదేశి గారు తనే తాత గదికి వెళ్ళారు. చెమ్మ పట్టిన గోడలు, తాత కింద తడిసిపోయిన దుప్పటి. అది మార్చాలంటే మనిషిని పక్కకి తిప్పాలి. చంకల్లో చేతులు పెట్టి లాగారు. తాత బాధగా మూలిగాడు. మళ్ళీ లాగారు. ఈసారి తాత కళ్ళలోంచి నీళ్ళు చెవుల మీదుగా కారాయి. ఉపదేశి గారికి ఒళ్ళంతా చెమట పట్టింది. సొంత తల్లి మూడేళ్ళు మంచంలో ఉంటే, గుమ్మం దగ్గర నిలబడి ప్రార్థన చెప్పడమే గానీ, ఒక్కనాడైనా ఆవిడ్ని ఇలా తాకలేదని అప్పుడు గుర్తొచ్చింది.

సాయంత్రం పెద్దమ్మాయి బట్టలు సర్దుకుంటుంటే వచ్చి గుమ్మంలో నిలబడ్డారు.

"మనిషికి నొప్పి తగలకుండా పక్కకి ఎలా తిప్పాలమ్మా?"

ఆమె ఆయన్ని ఎగాదిగా చూసింది. ఎవర్ని అని అడగలేదు. "పడుకోండి," అంది మంచం చూపిస్తూ.

"ముందు మోకాలు మడవాలి. ఒక చెయ్యి భుజం మీద, ఒకటి తుంటి మీద. ఇప్పుడు తిప్పుతున్నానని చెప్పాలి, లేకపోతే భయపడతారు. తిప్పుతున్నా నాన్నా."

ఉపదేశి గారు ఎంత తేలిగ్గా గోడవైపు ఒత్తిగిలిపోయారో ఆయనకే తెలియలేదు.

"మా అమ్మని ఇలాగే తిప్పేదానివా?"

"ఊఁ."

"ఏమైనా అనేదా?"

ఆమె చేతులు ఆగిపోయాయి.

"వాడేడే, అనేది. రోజూ అదే అడిగేది నాన్నా. పునీతుల కథలు చెప్పడానికి వెళ్ళారని చెప్పేదాన్ని."

గోడవైపు తిరిగిన ఉపదేశి గారు చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చారు. ఏడుస్తూనే, "ఆదివారం బండి దాకా నీ పెట్టె నేను మోసుకొస్తానమ్మా, రానిస్తావా?" అన్నారు.

ఆమె కళ్ళు తుడుచుకుంది. తండ్రి వీపు మీద చెయ్యి మాత్రం తీయలేదు.

"సరే, రండి. ఇప్పుడు నేను పడుకుంటాను, మీరు తిప్పండి. రేపు తాత దగ్గర మీరొక్కరే ఉంటారుగా."