ఏడో సీటు నుంచి వచ్చిన జవాబు

మా అక్క రాత్రి డ్యూటీ చేసే గదిలో ఏడో సీటుకు చెడ్డపేరుంది. అక్కడ కూర్చునే పెద్దాయన నిరుడు డ్యూటీలోనే తల వాల్చి... మళ్లీ ఎత్తలేదు. ఆయన కంప్యూటర్‌ని ఎవరూ ఆపలేదు. ఆయన బదులు ఇంకో మనిషినీ పెట్టలేదు. ఇద్దరి పనీ మా అక్క నెత్తినే పడింది. ఇదంతా అక్క చెప్పిందే.

షేర్ల ఆర్డర్లు కంప్యూటర్లే వేస్తాయి. మన రాత్రి ఇంకెక్కడో పగలు కదా. హద్దు దాటిన ఆర్డరుని పట్టుకుని ఆపడం అక్క పని. కాపలా మనిషి మేలుకునే ఉన్నట్టు రుజువు కావాలి కాబట్టి పావుగంటకోసారి తెర మీద ఓ ప్రశ్న వస్తుంది— "ఉన్నారా?" గదిలో ఎవరో ఒకరు "ఉన్నాను" నొక్కాలి. నొక్కకపోతే వ్యాపారం మొత్తం ఆగిపోతుంది. ఆగితే తెల్లారేసరికి ఉద్యోగం ఊడుతుంది. మా ఇంటికి ఆ జీతమొక్కటే దిక్కు.

వరసగా పదకొండో రాత్రి. ఒక్క క్షణం అనుకుని కళ్లు మూసింది...

తెరిచేసరికి యాభై నిమిషాలు.

అక్క పైప్రాణాలు పైనే పోయాయి. కానీ వ్యాపారం నడుస్తూనే ఉంది. చిట్టా తెరిచింది. "ఉన్నాను", "ఉన్నాను", "ఉన్నాను". మూడుసార్లూ నొక్కింది— ఏడో సీటు.

కింది అంతస్తులో సిస్టమ్స్ చూసే ఆయన్ని పిలిచింది. ఆయన పాత కంప్యూటర్‌ని కాసేపు కెలికి నవ్వేశాడు.

"దెయ్యమూ లేదు గియ్యమూ లేదు తల్లీ. కునుకు తీయడానికి పెద్దాయన ఓ చిన్న ప్రోగ్రామ్ రాసుకున్నాడు. ఎవరూ నొక్కకపోతే చివరి క్షణంలో అదే నొక్కుతుంది. ఆయన పోయిన సంగతి దానికెవరు చెప్పారు, పాపం."

"అంటే... పోయినాయన నాకు హాజరు వేశాడా?"

"నీకంటే బుద్ధిగా."

అక్కకు నవ్వు రాలేదు. ఆ పెద్దాయనా నిద్రకు మొహం వాచినవాడే. చచ్చినా డ్యూటీ దిగనివ్వని కొలువు ఇది.

"తీసేయనా మరి?"

"ఆగండి..." అక్క చిట్టాలో ఇంకో వరస మీద వేలు పెట్టింది.

తను నిద్రపోతున్నప్పుడు ఓ ఆర్డరు వచ్చింది— హద్దుకు వంద రెట్లు. వెళ్లుంటే కంపెనీ మునిగేది. ఎవరో ఆపారు. ఏడో సీటు నుంచే.

"ఆ ప్రోగ్రామ్‌కి ఆర్డర్లు ఆపడం వచ్చా?" గుసగుసగా అడిగింది.

ఆయన దాన్ని మొదటి నుంచి చదివాడు. ఇంకోసారి చదివాడు. తర్వాత మెల్లగా ఆ కుర్చీకి దూరం జరిగాడు.

"దీనికి ఒక్క మాటే వచ్చమ్మా... ఉన్నాను."